హాలే ఆఫీసైన ఇంట్లో వైర్‌లెస్ స్పీకర్లు: ప్రశ్నలు - జవాబులు

గుంటూరు బ్రాడీపేటలో వృత్తీ కాపురమూ ఒకే కప్పు కింద సాగడం కొత్త కాదు. ఆడిటర్లు, వకీళ్లు, డాక్టర్లు ముందుగదిలో పని చూసుకుంటూ వెనకగదుల్లో సంసారం చేసిన ఇళ్లు ఈ పేటలో చాలానే ఉన్నాయి. అయితే ఆ ఇళ్లలో ముందుగదికీ హాలుకీ మధ్య గోడ ఉండేది. ఫ్లాట్లు వచ్చి, ఇంటి నుంచే పని చేయడం అలవాటయ్యాక ఆ గోడ పోయి, హాలుకు ఒక కొసన టీవీ, సోఫా, మరో కొసన పనిబల్ల చేరాయి. అటువంటి గదిలో వైర్‌లెస్ స్పీకర్ల అమరికపై పాఠకులు అడిగిన ప్రశ్నలకు సమాధానాలు ఇవి.

ప్రశ్న: హాలు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఒక కొసన టీవీ, మరో కొసన ఆఫీసు బల్ల ఉన్నాయి. రెండింటికీ కలిపి మధ్యలో ఒక పెద్ద బ్లూటూత్ స్పీకరు పెడితే సరిపోతుందా? (పన్నుల సలహాదారు, బ్రాడీపేట)

జవాబు: సరిపోదు, ఆ అమరికలో రెండు పనులూ చెడతాయి. స్పీకరు ఎక్కడుండాలో నిర్ణయించేది వినేవారు కూర్చునే చోటు. ఆరుబయట స్పీకరు నుంచి దూరం రెట్టింపయిన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. డెసిబెల్ అనేది ధ్వని స్థాయికి కొలమానం, 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి ఇంచుమించు రెండింతల బిగ్గరగా తోస్తుంది. గదిలో మాత్రం కొంత దూరం దాటాక తగ్గుదల ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ చెవిని చేరేదానిలో స్పీకరు నుంచి నేరుగా వచ్చిన ధ్వని కంటే గోడలను తాకి తిరిగి వచ్చిన ధ్వనే ఎక్కువగా ఉంటుంది. పైన చెప్పిన కొలతల హాలులో ఆ హద్దు సుమారు అర మీటరే కనుక, మూడు మీటర్ల దూరంలో ఉన్న స్పీకరును ఎంత పెంచినా బల్ల దగ్గర మాట తేటపడదు సరికదా, సోఫాలో కూర్చున్నవారికి అది పోరుగా మారుతుంది.

కాబట్టి గదిని రెండు వినికిడి చోట్లుగా విడదీసుకోవాలి. బల్ల మీద, కూర్చున్నవారి ముఖానికి 60 సెంటీమీటర్ల దూరంలో, చెవుల ఎత్తుకు వచ్చేటట్లు రెండు చిన్న స్పీకర్లు పెడితే తక్కువ శబ్దంతోనే పని జరుగుతుంది. టీవీ వైపు రెండు మధ్యరకం స్పీకర్లు గానీ, ఒక సౌండ్‌బార్ గానీ ఉండవచ్చు. రెండు స్పీకర్లయితే వాటి మధ్య రెండు మీటర్ల నుంచి రెండున్నర మీటర్ల ఎడం ఉంచి, అంతే దూరంలో సోఫా ఉండేటట్లు చూస్తే మూడూ కలిసి సమబాహు త్రిభుజం అవుతాయి. 12 అడుగుల గోడ దీనికి చాలు. స్పీకర్లను మూలకు తోసి పెట్టడం మాత్రం మంచిది కాదు, మూలల్లో మంద్రధ్వని ఉబ్బి పాటలోని మాటను కమ్మేస్తుంది.

ప్రశ్న: కొత్త ఫ్లాటులో గ్రానైటు నేల, నున్నటి గోడలు. ఖరీదైన స్పీకరే కొన్నా మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఫోనులో చెప్పిన ధర పదిహేను వేలో పదిహేడు వేలో తేలక మళ్లీ అడగవలసి వస్తోంది. స్పీకరు మార్చాలా? (మిర్చి కమీషను వ్యాపారి, గుంటూరు)

జవాబు: మార్చవలసింది స్పీకరును కాదు, గదిని. గ్రానైటు, సిమెంటు పూత, కాంక్రీటు స్లాబు తమను తాకిన ధ్వనిలో చాలా కొద్ది భాగాన్నే పీల్చుకుని మిగిలినదంతా తిప్పి పంపుతాయి. ధ్వని ఆగిన తరువాత అది 60 డెసిబెల్స్ మేర తగ్గిపోవడానికి పట్టే కాలాన్ని అనురణన కాలం అంటారు. ఈ లెక్కకు ఆద్యుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ఆచార్యుడు వాలస్ క్లెమెంట్ సాబీన్. అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదన్న ఫిర్యాదు మీద 1895లో పరిశోధన మొదలుపెట్టి, సమీపంలోని శాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, ఎన్ని మెత్తలు పరిస్తే అనురణనం ఎంత తగ్గుతుందో కొలిచి ఆయన సూత్రం కట్టాడు. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గదిలోని ఉపరితలాలన్నీ కలిసి పీల్చుకునే మొత్తంతో భాగిస్తే అనురణన కాలం సెకన్లలో వస్తుంది.

20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలు ఘనపరిమాణం సుమారు 68 ఘనపు మీటర్లు, దాని నేల, గోడలు, పైకప్పు కలిపి దాదాపు 104 చదరపు మీటర్లు. ఉపరితలాలు సగటున తమను తాకిన ధ్వనిలో ఇరవయ్యో వంతే పీల్చుకుంటాయని అనుకుంటే అనురణన కాలం రెండు సెకన్లు దాటుతుంది. మాట తేటగా వినబడాలంటే ఇంటి గదిలో అది అర సెకను ప్రాంతంలో ఉండటం మేలు. పదిహేను, పదిహేడు అనే మాటలను వేరు చేసేది చివరి హల్లు ఒక్కటే. అంతకుముందరి 'హే' దీర్ఘం గదిలో మోగుతూ ఉండగా ఆ హల్లు దాని కింద పడి నలిగిపోతుంది కనుక, వినేవారు ధరను ఊహించుకోవలసి వస్తుంది.

దీనికి మందు పత్తి పండే ఈ నేల మీద సులువుగానే దొరుకుతుంది. దూది పోగుల మధ్య సన్నని సందుల్లోకి చొరబడిన గాలి కదలిక రాపిడికి లోనై ధ్వనిశక్తి స్వల్పమైన వేడిగా మారుతుంది. అందువల్ల అణగారి గట్టిపడిన పాత పరుపు కంటే తాజాగా ఏకించిన దూదితో కుట్టిన పరుపు ధ్వనిని బాగా పీల్చుకుంటుంది. దివాను మీద అటువంటి పరుపు, కిటికీలకు మడతలు పడేటంత వెడల్పుగా కుట్టిన మందపాటి తెరలు, నేల మీద మందమైన తివాచీ, ఒక గోడకు ఫైళ్లూ పుస్తకాలూ నింపిన అర, వీటన్నిటితో పీల్చుకునే మొత్తాన్ని 5 నుంచి 16 చదరపు మీటర్ల సమానానికి తెస్తే అనురణన కాలం సుమారు 0.7 సెకనుకు దిగివస్తుంది. పలచటి జంపఖానా వల్ల ఒరిగేది కొంచెమే. మంద్రధ్వనులకు మాత్రం బట్టలు పనిచేయవు. 12 అడుగుల వెడల్పుకు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల ఎత్తుకు 56 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది, అంటే సెకనుకు అన్ని కంపనాలున్న ధ్వని గోడల మధ్య నిలిచి బలపడుతుంది. దీన్ని స్పీకరును గోడ నుంచి జరిపి, సెట్టింగులలో బేస్ తగ్గించి సరిచేసుకోవాలి.

ప్రశ్న: బ్లూటూత్ స్పీకర్లు మేలా, వైఫై స్పీకర్లా? పాట మధ్యమధ్యలో తెగిపోవడానికి కారణమేమిటి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బ్రాడీపేట)

జవాబు: రెండింటి పనీ వేరు. బ్లూటూత్ ఫోనుకూ స్పీకరుకూ మధ్య నేరుగా ఏర్పడే దగ్గరి బంధం. ఫోను గది దాటితే పాట తెగుతుంది, ఫోను మోగితే పాట ఆగుతుంది. వైఫై స్పీకరు ఇంటి రౌటరు ద్వారా పాటను తానే తెచ్చుకుంటుంది కాబట్టి ఫోను ఎక్కడున్నా ఫరవాలేదు. పైగా పలు గదుల స్పీకర్లు ఒకే తాళంలో పాడగలవు. కాబట్టి హాలు వైపు వైఫై, బల్ల వైపు బ్లూటూత్ లేదా మామూలు తీగ సమంజసమైన విభజన.

తెగిపోవడానికి ప్రధాన కారణం గాలిలో రద్దీ. బ్లూటూత్, పాత వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ మూడూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తాయి; భారతదేశంలో ఈ పట్టీకి 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. బ్లూటూత్ ఆ పట్టీని 79 సన్నని దారులుగా విడగొట్టి, సెకనుకు 1,600 సార్లు దారి మార్చుకుంటూ రద్దీని తప్పించుకుంటుంది. వైఫైకి మాత్రం ఒకదానితో ఒకటి ఒరుసుకోని దారులు ఆ పట్టీలో మూడే ఉన్నాయి. లైన్లూ అడ్డరోడ్లూ గళ్లుగళ్లుగా పరుచుకుని, ఇంటి గోడా ఇంటి గోడా ఆనుకుని ఉండే ఈ పేటలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ ఆ మూడు దారులనే పంచుకోవాలి. అందువల్ల స్పీకర్లను 5 గిగాహెర్ట్జ్ పట్టీకి కలపడం ఉత్తమం. అక్కడ దారులు ఎక్కువ. కానీ ఆ తరంగాలు ఇటుక గోడలను దాటడంలో త్వరగా నీరసిస్తాయి కనుక రౌటరు హాలులోనే, ఛాతీ ఎత్తుకు పైన ఉండాలి. ఇనప బీరువా వెనకో టీవీ వెనకో రౌటరును దాచడం కంటే పెద్ద పొరపాటు లేదు, ఎందుకంటే రేకు రేడియో తరంగాలను దాటనివ్వదు.

ప్రశ్న: పాటలు హాయిగా వినిపించే స్పీకరే మీటింగు మొదలవగానే పాత టెలిఫోనులా మారిపోతోంది. అవతలివారికి వారి గొంతే తిరిగి వినిపిస్తోందట. స్పీకరులో లోపమా? (బ్యాంకు అధికారి, అరండల్‌పేట)

జవాబు: లోపం కాదు, బ్లూటూత్ పనిచేసే తీరే అంత. పాట వినిపించడానికి ఒక పద్ధతి, మాట్లాడుకోవడానికి మరొక పద్ధతి ఉన్నాయి. స్పీకరులోని మైకు తెరుచుకోగానే రెండు వైపులా మాట నడవడానికి వీలుగా బ్లూటూత్ రెండో పద్ధతికి మారి, స్టీరియోను వదిలేసి, ధ్వనిని సెకనుకు 8 వేల లేదా 16 వేల నమూనాలకు కుదిస్తుంది. పాటకు వాడేది 44,100 నమూనాలు. కంప్యూటరు సెట్టింగులలో మైకుగా స్పీకరును కాకుండా ల్యాప్‌టాప్ మైకును గానీ, విడి యూఎస్‌బీ మైకును గానీ ఎంచుకుంటే పాటల నాణ్యత నిలబడుతుంది.

అయితే అప్పుడు ప్రతిధ్వని చిక్కు మిగులుతుంది. మీటింగు సాఫ్ట్‌వేరు తాను స్పీకరుకు పంపిన మాటను గుర్తుంచుకుని, అదే మైకులోకి తిరిగి వస్తే తీసివేస్తుంది. బ్లూటూత్ ధ్వనిని మూట కట్టి విప్పడంలో సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం చేయడం వల్ల, గది అనురణనం కూడా దానికి తోడవడం వల్ల ఆ లెక్క తప్పుతుంది. ఆఫీసు మాటలకు హెడ్‌సెట్టే నిజమైన పరిష్కారం. ఖాతాదారుల వివరాలు ఇంటిల్లిపాదికీ వినిపించకుండా ఉండటం అదనపు లాభం. బ్లూటూత్ చేసే ఆ ఆలస్యమే టీవీ దగ్గర పెదవులకూ మాటకూ పొంతన లేకుండా చేస్తుంది. మాట బొమ్మ కంటే 125 మిల్లీసెకన్లకు మించి వెనకబడితే చూసేవారికి తెలిసిపోతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు పత్రం చెబుతోంది. కాబట్టి టీవీకి సౌండ్‌బార్‌ను హెచ్‌డీఎంఐ తీగతోనే కలపాలి.

ప్రశ్న: కరెంటు కోతలకూ వేసవి ఎండలకూ ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (గృహిణి, బ్రాడీపేట)

జవాబు: వైర్‌లెస్ అన్నంత మాత్రాన తీగ మొత్తం పోదు, పోయేది పాట తెచ్చే తీగే, బ్యాటరీ లేని స్పీకర్లన్నిటికీ కరెంటు తీగ ఉండి తీరాలి. చాలా ఇళ్లలో ఇన్వర్టరు లైను లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమే ఉంటుంది, ప్లగ్గులకు ఉండదు. రంగులు వేయించకముందే ఎలక్ట్రీషియను చేత రౌటరు దగ్గర ఒకటి, బల్ల దగ్గర ఒకటి ఇన్వర్టరు ప్లగ్గు పెట్టించుకోవాలి. చవక ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు తరంగపు కరెంటు మీద కొన్ని స్పీకర్లు బుయ్యిమంటాయి. సైన్ తరంగపు ఇన్వర్టరుతో ఆ బెడద ఉండదు. బ్యాటరీ స్పీకర్లలోని లిథియం అయాన్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. రోహిణి కార్తెలో పడమటి కిటికీ గట్టు ఆ హద్దును తేలికగా దాటుతుంది కాబట్టి వాటిని అక్కడ ఉంచరాదు.

ప్రశ్న: పక్కనే ఆసుపత్రి ఉంది. శబ్దం ఎంతవరకు పెట్టుకోవచ్చు? కొనుగోలు ఏ వరసలో చేయాలి? (రిటైర్డు లెక్చరరు, బ్రాడీపేట)

జవాబు: 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు, రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట ఈ హద్దులు 50, 40కి తగ్గుతాయి. ఇంటి స్పీకరు శబ్దం ఇంటి సరిహద్దు దగ్గర ఆ హద్దును 5 డెసిబెల్స్‌కు మించి దాటరాదు. ఇంట్లోవారి చెవుల విషయానికొస్తే, పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్పీకరును పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడకు తగిలించకుండా, కింద రబ్బరు మెత్త వేసి పెడితే కంపనాలు గోడలోకి ఎక్కవు.

వరస విషయానికి వస్తే, ముందు తెరలు, పరుపు, తివాచీ, తరువాత ప్లగ్గులు, రౌటరు చోటు, ఆపైన హెడ్‌సెట్, అటు తరువాత బల్ల స్పీకర్లు, చివర టీవీ వైపువి. పెట్టె మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. దుకాణంలో ఆర్భాటంగా మోగిన పాటను బట్టి కాక, వార్తలు చదివే గొంతును తక్కువ శబ్దంలో వినిపించమని అడిగి, ప్రతి మాటా తెలుస్తోందో లేదో చూసుకుని ఎంచుకోవాలి. వీలైతే తిరిగి ఇవ్వడానికి గడువున్న చోట కొని, ఆ గడువులోగా సొంత హాలులో ఫ్యాను తిరుగుతుండగా అదే పరీక్ష మళ్లీ చేసుకోవడం మంచిది.