ఇంటి పన్ను

తెల్లవారకముందే పట్టణపు వీధులను ఊడ్చువారు వత్తురు. వేళకు కొళాయిలో నీరు వచ్చును. రాత్రి వీధి దీపములు వెలుగును. వీనికి కావలసిన ధనమెక్కడిది? అందొక ముఖ్యభాగము ఇంటి పన్ను.

ఆంధ్రప్రదేశమున ఈ పన్ను విధించు అధికారమును 1965వ సంవత్సరపు చట్టము పురపాలక సంఘములకు ఇచ్చినది. పూర్వము ఇంటికి ఏటా రాదగిన అద్దెను అంచనా కట్టి పన్ను వేయుచుండిరి. 2021 ఏప్రిల్ నుండి స్థలము, కట్టడముల మూలధన విలువనుబట్టి వేయుచున్నారు.

ఒక ఇంటి విలువ 10 లక్షల రూపాయలనియు, పన్ను నూరు రూపాయలకు 15 పైసలనియు అనుకొందము. ఏడాదికి 1,500 రూపాయలగును. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు ఒక అర్ధ సంవత్సరము, అక్టోబరు మొదలు మార్చి వరకు మరియొకటి. ఒక్కొక్కదానికి 750 రూపాయలు చెల్లింపవలెను. గడువు మీరినచో వడ్డీ పడును. నోటీసు అందినను చెల్లింపనిచో, సామానులను జప్తు చేయవచ్చును.

కొలతలు తీయువారు పొరబడి, 600 చదరపు అడుగుల ఇంటిని 800 అని వ్రాసిరనుకొందము. గృహస్థుడు ఊరకున్నచో ఆ తప్పు ఏటేట వెంటాడును. పన్ను ఎగవేసినచో తప్పు దిద్దబడదు. బాకీ మాత్రము పెరుగును. పునఃపరిశీలన కోరుచు కమిషనరుకు అర్జీ పెట్టుకొనుటయే సరియైన మార్గము. ఇంటి కొలతలు, పాత రసీదులు అతనికి సాక్ష్యములు.

న్యాయమైన పన్నును వేళకు చెల్లించుట పౌరుని ధర్మము. అన్యాయమైన లెక్కను ప్రశ్నించుట అతని హక్కు. ఈ రెండును కలసిననే ఊరి దీపము నిలుచును.