రెండైన పల్నాడు

గురజాలలో రైలెక్కినవాడు రెంటచింతల మీదుగా కొద్దిసేపటికే మాచెర్లలో దిగును. దారి పొడవున రాతినేల, మిరపచేలు, అక్కడక్కడ నాపరాతి గోడలు. ఈ రెండూళ్ల నడుమ ఒకప్పుడు రెండు రాజ్యముల పొలిమేర ఉండెనని చెప్పినచో కిటికీ కడ కూర్చున్న పిల్లవాడు నమ్మడు. నేడు రెండును పల్నాడు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన ఈ జిల్లాకు నరసరావుపేట ముఖ్యపట్టణము. నిజమునకు నరసరావుపేట పాత పల్నాటిసీమ లోనిది కాదు; ఆ సీమకు వాకిలివంటిది. కాని వాకిట నిలిచినవానికి లోపలి మాట వినబడకపోదు.

పల్నాటిని ఏలిన అనుగురాజు హైహయ వంశపువాడు. వెలనాటి చోడుల ఆడుబిడ్డ మైలమాదేవిని పెండ్లాడి, ఈ సీమను అరణముగా పొందెనని కథ చెప్పుచున్నది. ఆయనకు మువ్వురు భార్యలు. మైలమాదేవి కొడుకు నలగామరాజు గురజాలలో గద్దె యెక్కెను. సవతి తమ్ముడు మలిదేవరాజు తన భాగము కోరెను. అనుగురాజు మంత్రియైన దొడ్డనాయుని కుమారుడు బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షము వహించి, మాచెర్ల రాజధానిగా వేరు రాజ్యము నిలిపెను. గురజాలలో నలగాముని నడిపినది నాగమ్మ. ఆమెను జనులు నాయకురాలని పిలిచిరి. ఒక స్త్రీ మంత్రాంగము నడపుట ఆ కాలమున వింత. ఒక నాయుడు మాచెర్ల చెన్నకేశవుని గుడి యెదుట అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి కుడిపించుట అంతకంటె వింత. దానినే చాపకూడు అందురు. మాలయైన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా చేకొని సేనకు నాయకుని చేసెను. ఇట్టి ఇద్దరు ఒక్క సీమలో ఎదురుపడిరి.

తరువాతి కథ అందరెరిగినదే. కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు దేశము విడువవలెనని ఒడంబడిక. మాచెర్లవారు ఓడిరి. మందలను తోలుకొని మండాదికి, అటనుండి మేడపికి పోయి గడువు గడిపిరి. గడువు తీరిన పిదప తమ భాగము తమకిమ్మని రాయబారము పంపిరి.

రాయబారిగా పోయినవాడు అలరాజు. ఇక్కడ కొంచెము నిలిచి చూడవలెను. అలరాజు కొమ్మరాజు కొడుకు, మాచెర్ల పక్షమువాడు. కాని ఆయన భార్య పేరిందేవి నలగామరాజు కూతురు. అల్లుడు వచ్చి అడిగిన మామ కాదనడని మాచెర్లవారు తలచియుందురు. పగ ఉన్నచోట చుట్టరికమును మించిన వంతెన లేదు గదా! కాని గురజాలలో ఆ మాట సాగలేదు. తిరుగుదారిలో చర్లగుడిపాడు కడ అలరాజుకు విషము పెట్టిరి. అది నాగమ్మ పన్నినదేనని కథ చెప్పుచున్నది. అలరాజు అక్కడనే ప్రాణము విడిచెను.

పేరిందేవి ఎవరి దిక్కున నిలువవలెను? చంపించినది పుట్టినింటి పక్షము. చచ్చినవాడు తాళి కట్టిన భర్త. ఆమెకు ఒక దేశము మిగులలేదు. గీత నేలమీద గీసినప్పుడు దాని నిటుగా నడువవచ్చును, అటుగా నడువవచ్చును. ఒక మనిషి లోపలనే గీసినప్పుడు ఆ మనిషికి నడుచుటకు చోటుండదు. పేరిందేవి భర్తతో కూడ అగ్నిప్రవేశము చేసెను. నాటి ఆచారమును నేడు మెచ్చుకొననక్కరలేదు. కాని యుద్ధమున కూలిన వీరుల పేర్లను వరుసగా చెప్పెడి గాయకుడు ఈ ఘట్టమునకు వచ్చునప్పటికి పాట నెమ్మదించును. ఆమె కత్తి పట్టినది కాదు, కోడిని విడిచినది కాదు, భాగము అడిగినది కాదు.

అటుపై కారెంపూడి కడ నాగులేటి యొడ్డున యుద్ధము జరిగెను. చరిత్రకారులు దానిని 12వ శతాబ్ది చివరిభాగమున జరిగినదిగా చెప్పుదురు. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు అప్పటికి బొంగరములాడు పిల్లవాడు. ఆ బొంగరము ఒకనాడు ఒక స్త్రీ కాలికి తగిలినదట. ఆమె నోటనే యుద్ధము మాట వానికి తెలిసినదట. తల్లి ఐతాంబ ఆపలేకపోయెను. భార్య మాంచాల పంపెను. వెంటవచ్చిన బ్రాహ్మణ మిత్రుడు అనపోతును కాపాడదలచి బాలచంద్రుడు ఉపాయముచే వెనుకకు మరలించెను. తనను విడిచిపోయిరని తెలిసి అనపోతు ప్రాణము తీసికొనెను. పిల్లల పేర్లే ఈ కథలో ఎక్కువగా వినబడుచుండుట గమనింపదగినది. యుద్ధము ముగియునప్పటికి ఇరువైపుల ఇండ్లును వట్టిపోయినవి. బ్రహ్మనాయుడు రాజ్యమును నలగామునికే విడిచి గుత్తికొండ బిలమునకు పోయెనని చెప్పుదురు. అందులకే యైనచో ఇంత నెత్తురెందులకు? వినువారికి ఈ ప్రశ్న తట్టును; గాయకుడు దానికి బదులు చెప్పడు.

ఈ గాయకులను వీరవిద్యావంతులందురు. పల్నాటికథ నేటికి మిగిలియున్నదనిన వారి పుణ్యము ఎంతో కలదు. పంబజోడు మ్రోగుచుండగా, తిత్తి శ్రుతి పట్టుచుండగా, ప్రధాన గాయకుడు పాడును, ఆడును, వీరుడై గర్జించును, తల్లియై ఏడ్చును. తెర లేదు, మేడ లేదు. ఐనను అది నాటకమే. ఒక్క మనిషిలోనే గురజాలయు మాచెర్లయు మాటాడును. ఈ గాయకులలో ఎక్కువమంది ఊరిబయట నిలువుమన్న కులములవారు. కన్నమదాసును సేనాపతిగా నిలిపిన కథను వారు కంఠమున దాచుకొనుటలో ఆశ్చర్యమేమి?

ఏటేట కార్తికమాసపు అమావాస్య మొదలు కారెంపూడిలో ఐదు దినములు వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. పలు జిల్లాలనుండి వీరాచారవంతులు తమ ఇండ్లలోని ఆయుధములను మోసికొని వత్తురు. కథలో కోడిపోరు ముందు, రాయబారము తరువాత. ఉత్సవములో రాయబారమే ముందు. చదువుకొన్నవారు దీనిని పొరపాటందురు. దుఃఖమునకు కాలక్రమము తెలియదని ఆ తిరునాళ్లకు పోయివచ్చినవారు అందురు.

ఈ పాట పల్నాటి పొలిమేర దాటి చాలదూరము పోయినది. క్రీడాభిరామమను ప్రాచీన వీథినాటకమున, ఓరుగల్లు నగరపు వీథిలో ఒక స్త్రీ పల్నాటివీరుల కథను వాద్యములతో పాడుచున్నట్టు వర్ణన కలదు. తెలుగున దొరికిన పాత నాటకమునందే ఈ కథ పాటగా వినబడుట గొప్ప విశేషము. 15వ శతాబ్దిలో దీనిని ద్విపదగా కూర్చినవాడు శ్రీనాథుడని ప్రసిద్ధి. సన్నబియ్యమునకు అలవాటుపడిన ఆ మహాకవి పల్నాటి జొన్నకూటిని వెక్కిరించి చాటువులు చెప్పెనందురు. వెక్కిరించినవాడే ఆ జొన్నకూడు తిన్నవారి కథకు కావ్యగౌరవము కలిగించెను! 1911లో అక్కిరాజు ఉమాకాంతము దానిని పరిష్కరించి ప్రకటించెను. అలిసెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన కథను ఆధారము చేసికొని అమెరికా పండితుడు జీన్ రోఘైర్ వ్రాసిన గ్రంథము 1982లో ఆక్స్‌ఫర్డు నుండి వెలువడినది.

ఆధునిక రంగస్థలము ఈ కథను మరల విచారణకు పెట్టినది. మాలపల్లి నవలాకర్త ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరు సీమవాడే. ఆయన వ్రాసిన పల్నాటి నాటకము పేరు ‘నాయకురాలు’. శతాబ్దములుగా తప్పంతయు ఎవరిపై మోపిరో ఆమె బిరుదునే నాటకమునకు పేరుగా పెట్టుట చిన్నమాట కాదు. పొన్నెకల్లువాడైన షేక్ నాజర్ తంబుర భుజాన వేసికొని, ఇరుప్రక్కల డక్కీలు మ్రోగుచుండగా పల్నాటియుద్ధమును బుర్రకథగా చెప్పెను. అన్నదమ్ముల పోరు ఎటు దారితీయునో వేలమంది ఆ నోట వినిరి. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

గూడవల్లి రామబ్రహ్మము ‘పల్నాటి యుద్ధము’ చలనచిత్రమును మొదలుపెట్టి, 1946లో మరణించెను, ఎల్.వి. ప్రసాదు దానిని పూర్తిచేసెను. కన్నాంబ నాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగా నటించిన ఆ చిత్రము 1947లో విడుదలయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే దేశము రెండయినది. లక్షలమంది పుట్టిన ఊళ్లు విడిచిపోయిరి. ఆ విభజనపై పుట్టిన నాటకములలో అస్గర్ వజాహత్ హిందీలో వ్రాసినది ఒకటి ప్రసిద్ధము. లాహోరులో అందరు వెళ్లిపోయిన తరువాత ఒక హిందూ వృద్ధురాలు తన ఇంటిలోనే మిగిలిపోవును. లక్నోనుండి వచ్చిన ముస్లిము కుటుంబమునకు ఆ ఇల్లే కేటాయింతురు. మొదట వైరము, తరువాత ఆమెయే వారింటి పెద్దదిక్కు. పేరిందేవి కథ తెలిసిన పల్నాటివానికి ఆ ముసలమ్మ కొత్తమనిషి కాదు.

నేటికిని పల్నాట ఇద్దరు కూర్చున్నచోట బ్రహ్మన్న మంచివాడా, నాగమ్మ మంచిదా అను వాదము లేచును. చాపకూడు పెట్టినవాడు కోడిపందెమున రాజ్యమునే ఒడ్డవచ్చునా అని ఒకడు, అల్లునికి విషము పెట్టించినదానిని మెచ్చుటెట్లని మరియొకడు. వాదము తెగదు. కళ్లిపాడు నాడు మాత్రము గురజాలనుండి వచ్చినవారును, మాచెర్లనుండి వచ్చినవారును నాగులేటి యొడ్డున ఒక్క గుంపుగానే నిలుతురు. పంబ మ్రోగును. చిన్నపిల్లలను భుజముల మీదికి ఎత్తుకొందురు. గాయకుడు బొంగరము ఘట్టము ఎత్తుకొనగనే ముందువరుసలోని పిల్లలు నవ్వుదురు. వెనుక నిలిచిన పెద్దలకు రాబోవునది తెలియును గనుక వారు నవ్వరు.