బూజు కాదు, బూడిద: సోయా మైనపు బిళ్లల తెల్లమచ్చల కథ

మైనానికి బూజు పట్టదు. బూజు పెరగాలంటే తడి కావాలి, కరిగించి పోసిన మైనంలో తడి ఉండదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని బిళ్లలు చెత్తకుండీలో పడుతున్నాయో! మన హాస్టల్లోనే ముగ్గురు నలుగురు సెలవుల్లో సువాసన బిళ్లలు చేసి అమ్ముతున్నారు కాబట్టి, దీని గురించి కాస్త వివరంగా రాయమని తెలుగు మేడమ్ అడిగారు. కెమిస్ట్రీ చదువుతూ పార్ట్ వన్ తెలుగు తీసుకున్నదాన్ని కనుక రెండూ కలిపే రాస్తున్నాను.

ముందు వస్తువేమిటో చెప్పాలి. ఇవి వత్తి లేని చిన్న మైనపు ముక్కలు. కరెంటుతోనో, కింద చిన్న దీపంతోనో వేడెక్కే గిన్నెలో ఒక ముక్క వేస్తే కరిగి గదంతా వాసన పరుచుకుంటుంది. వెలిగేది ఏమీ లేదు కాబట్టి మండే తీరు గురించి ఎవరూ అడగరు. అందరూ చూసేది రెండే: వాసన, రూపం. వాసన పెట్టె తెరిచాకే తెలుస్తుంది. రూపం అద్దంలాంటి మూతలోంచి ముందే కనిపిస్తుంది. అందుకే బేరం చాలాసార్లు రూపం దగ్గరే తెగిపోతుంది.

గుడియాత్తంలో మా పిన్నమ్మకు అదే జరిగింది. పోయిన ఏప్రిల్‌లో ఆమె వేలూరులో ఒక అంగడికి 40 పెట్టెలు వేసింది. ఊదారంగు, ముదురు ఎరుపు. పది రోజులకు అంగడాయన ఫోన్ చేసి, "బూజు పట్టిందమ్మా, వచ్చి తీసుకుపో" అన్నాడు. వెనక్కి తెచ్చుకుని నాకు చూపించి, "ఏం పాపా, మైనానికి కూడా బూజు పడుతుందా?" అని అడిగింది. ఆ 40 పెట్టెల మైనం, సెంటు అన్నీ చీటీ డబ్బుతో కొన్నవి. ఇంట్లో వద్దంటున్నా మొదలుపెట్టిన పని. ఇంకొక్కసారి సరుకు వెనక్కి వస్తే పొయ్యి మూసేయడమే.

గుడియాత్తానికి మైనం కొత్తేమీ కాదు. అగ్గిపెట్టెలకు పేరుపడిన ఊరు. పుల్ల కొసకు మందు అద్దేముందు దాన్ని మైనంలో ముంచుతారు. మందు భగ్గుమని ఆరిపోకుండా మంట పుల్లకు అందుకోవడం కోసం. అయితే ఆ మైనం పారఫిన్, పెట్రోలియం నుంచి వచ్చేది. సోయా మైనం పేరుకు మైనమే కానీ పుట్టుకతో నూనె. సోయా నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిస్తే వచ్చేది. నూనెలను ఇలా గట్టిపరిచే పద్ధతికి జర్మనీలో విల్హెల్మ్ నోర్మన్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. మన వంటింట్లో వనస్పతి ఆ దారిలోనే వచ్చింది. సోయాతో కొవ్వొత్తుల మైనం చేయడం మాత్రం 1990ల తొలినాళ్లలో అమెరికాలోని అయోవాలో మైఖేల్ రిచర్డ్స్‌తో మొదలైంది. కాబట్టి సోయా మైనానికి చుట్టరికం కలపాలంటే అగ్గిపుల్ల మైనంతో కాదు, డాల్డాతో కలపాలి. నెయ్యితో కలిపినా తప్పు లేదు.

నెయ్యి దగ్గరే అసలు కిటుకు ఉంది. కాచిన నెయ్యి నిదానంగా చల్లారితే పూస కడుతుంది. అదే నెయ్యిని గబుక్కున ఫ్రిజ్‌లో పెడితే నున్నగా గడ్డకడుతుంది. వస్తువు ఒకటే, స్ఫటికాలు వేరు. కొవ్వు పదార్థాలకు ఒకే అణువులను మూడు రకాలుగా పేర్చుకునే గుణం ఉంది. ఆల్ఫా, బీటా ప్రైమ్, బీటా అంటారు. త్వరగా చల్లారితే ఆల్ఫా వస్తుంది, కానీ అది నిలకడ లేనిది. రోజులు గడిచేకొద్దీ మెల్లగా మిగతా రూపాల్లోకి మారుతుంది. ఆ మార్పులో పైన పెరిగే కొత్త స్ఫటికాలు వెలుతురును చెదరగొడతాయి, మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. పాత చాక్లెట్ మీద వచ్చే తెల్లపొర చాలావరకు ఇదే జాతిది.

ఇంగ్లీషులో దీన్ని ఫ్రాస్టింగ్ అంటారు. మంచు కురవని వేలూరులో ఆ పేరు మనకేం చెబుతుంది? బూజు అంటే అబద్ధం. నేను బూడిద అంటాను. బూడిద గుమ్మడికాయ మీద చేత్తో తుడిస్తే వచ్చే తెల్లటి పూత చూశారు కదా, అది కూడా మైనపు పూతే. కాయ చెడిపోయిందని దాన్ని చూసి ఎవరూ అనరు. పైగా పూత బాగా పట్టిన కాయే ముదిరిందని ఏరుకుంటారు. అంగడాయనకు పిన్నమ్మ ఈ మాటే చెప్పి ఉంటే సగం గొడవ అక్కడే తీరేది.

బూడిదో కాదో తేల్చుకోవడం సులువు. ఒక ముక్క కరిగించండి. తెల్లదనం ఆనవాలు లేకుండా పోతే అది స్ఫటికమే. కరిగినదాంట్లో అడుగున నలుసులు మిగిలితే దుమ్మో, కరగని రంగో అయి ఉంటుంది.

బూడిదను పూర్తిగా ఆపలేం, అది సోయా స్వభావం. తగ్గించుకోవచ్చు. వెనక్కి వచ్చిన మైనాన్నే కరిగించి పిన్నమ్మా నేనూ మూడు వాయిలుగా పోసి చూశాం. సిలికాన్ అచ్చుల్లో 70 డిగ్రీల దగ్గర పోసినవి మొదటిరోజు అద్దంలా మెరిశాయి, నాలుగో రోజుకు బూడిద తేలాయి. 60 దగ్గర పోసినవి కొంచెం నయం. 50 దాటి, మైనం పాలలా మసకబారడం మొదలయ్యాక నిదానంగా కలిపి పోసినవాటికి మొదటినుంచీ అంత మెరుపు లేదు కానీ వారం తర్వాత కూడా రూపం మారలేదు. ఆ మసకలో సన్నటి స్ఫటికాలు ముందే పుట్టి ఉంటాయి, మిగతా మైనం వాటి దారిలోనే గడ్డకడుతుంది. పాలలో తోడు వేసినట్టు అనుకోండి. పోల్చడానికి మాత్రమే, ఇక్కడ పులిసేదేమీ లేదు.

ఒక జాగ్రత్త. సెంటు మాత్రం మైనం వేడిగా ఉన్నప్పుడే, సుమారు 70 డిగ్రీల దగ్గర, వేసి రెండు నిమిషాలు కలపాలి. ఆ తర్వాత చల్లారనిచ్చి పోయాలి. చల్లారాక సెంటు వేస్తే సరిగ్గా కలవదు. మూత ఉన్న పల్చటి ప్లాస్టిక్ పెట్టెల్లోకి నేరుగా పోసేవాళ్లకు తక్కువ వేడిలో పోయడం ఎలాగూ తప్పదు. ఆ ప్లాస్టిక్ 70 దగ్గర మెత్తబడి వంకర పోతుంది.

ఇక రంగు. ముదురు రంగు మీద బూడిద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్ల బిళ్ల మీద వచ్చినా కనపడదు. నన్నడిగితే అసలు రంగే వద్దు. పిన్నమ్మ ఒప్పుకోలేదు, "తెల్లగా ఉంటే కర్పూరం అనుకుంటారే" అంది. చివరికి లేత గులాబీ, లేత పసుపు దగ్గర రాజీపడ్డాం. రంగు వేసేవాళ్లు నూనెలో కరిగేదే వేయాలి. కేసరికి వేసే రంగు నీళ్లలో కరిగేది, మైనంలో చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పసుపు, కుంకుమ కరగవు, అడుగుకు దిగిపోతాయి.

బిళ్ల మీద చెమట పట్టినట్టు నూనె బొట్లు కనిపిస్తే అది వేరే జబ్బు. మైనం పట్టుకోగలిగినదానికంటే సెంటు ఎక్కువైంది. 100 గ్రాముల మైనానికి 6 నుంచి 10 గ్రాముల సెంటు మామూలు లెక్క. మీ మైనం అమ్మినవాళ్లు చెప్పిన హద్దు అంతకంటే తక్కువైతే దానికే కట్టుబడాలి. చెంచాతో కొలవకండి, తూకం వేయండి. ఒక సెంటు పల్చన, ఇంకొకటి చిక్కన, చెంచా అబద్ధమాడుతుంది. లెక్క సరిగ్గా ఉన్నా కత్తిరి ఎండల్లో చెమట పట్టొచ్చు. సోయా మైనం రకాన్నిబట్టి సుమారు 46 నుంచి 54 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో వేలూరు నీడలోనే 40 దాటుతుంది. ఇక రేకుల ఇంట్లో, ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో ఎంతుంటుందో ఊహించుకోండి. పగలు సగం మెత్తబడి రాత్రి మళ్లీ గట్టిపడితే కొత్త స్ఫటికాలు పుడతాయి, బూడిద వస్తుంది. పిన్నమ్మ పెట్టెలు ఇంటి నుంచి బాగానే వెళ్లాయి. అంగడి ముందు అద్దాల అల్మారాలో పది రోజులు ఎండ తగిలింది. తయారీ ఎంత బాగున్నా, ఎక్కడ పెట్టాలో అమ్మేవాళ్లకు చెప్పకపోతే పనికిరాదు.

మధ్యలో గుంటలు, పగుళ్లు వస్తే చల్లారడంలో తేడా అని అర్థం. పైపొర ముందు గట్టిపడి, లోపల మైనం తర్వాత కుంచించుకుంటే ఖాళీ మిగులుతుంది. త్వరగా అవుతుందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లకు పగుళ్లు ఖాయం. పైగా బయటికి తీయగానే తేమ కూడా పడుతుంది. ఫ్యాను నేరుగా తగలని చోట, అచ్చుల మధ్య వేలెడు ఎడం ఇచ్చి వదిలేయాలి. పైభాగం గరుకుగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్క క్షణం వేడి తగిలించండి, నున్నబడుతుంది. ఎక్కువసేపు పెడితే ఆ మేర కరిగి మళ్లీ బూడిదే.

నురుగులాంటి బుడగలకు కారణం చాలాసార్లు నీళ్లు. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించేటప్పుడు ఆవిరి పైగిన్నెలోకి దిగుతుంది, కడిగిన అచ్చులో ఒక చుక్క మిగిలిపోతుంది. అచ్చులు గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. మైనం పొయ్యి మీద నేరుగా పెట్టకండి. ఒకవేళ అంటుకుంటే నీళ్లు చల్లకండి, మూత పెట్టి మంట ఆర్పండి.

పసుపురంగు, గోధుమరంగు తిరగడం వేరే కథ. వెనిల్లా సెంట్లలో ఉండే వెనిలిన్ రోజులు గడిచేకొద్దీ మైనాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. దానికి మందు లేదు. వెనిల్లా బిళ్లలకు మొదటే కాఫీరంగు వేసేస్తే సరిపోతుంది.

దీపావళి ఆర్డర్లు తీసుకునేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. సోయా బిళ్లలో వాసన కుదురుకోవడానికే వారం పది రోజులు పడుతుంది. బూడిద తేలేదీ ఆ రోజుల్లోనే. కాబట్టి ప్రతి వాయి నుంచి రెండు పెట్టెలు పక్కన పెట్టి, వారం తర్వాత చూశాకే మిగతావి పంపండి. వేడి ఎంత, సెంటు ఎన్ని గ్రాములు, పోసిన తేదీ మూడూ పెట్టె అడుగున పెన్సిల్‌తో రాసి ఉంచండి. వినాయక చవితి కుడుములు తిన్న మర్నాడు మైనం కొంటే టైము సరిగ్గా సరిపోతుంది.