వేలిముద్ర వేస్తే బిడ్డను దత్తత ఇచ్చినట్లేనా?

కాన్పు జరిగిన ఇంట్లో సంతోషంతోపాటు ఒక్కోసారి దిగులు కూడా ఉంటుంది. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని కొందరు, అప్పులున్నాయని కొందరు, పెళ్లికాని అమ్మాయి తల్లి అయిందని కొందరు బాధపడుతుంటారు. అలాంటి సమయంలో "పిల్లలు లేని మంచి దంపతులున్నారు. బిడ్డను ఇచ్చి ఈ కాగితం మీద సంతకం చేయండి" అని ఎవరైనా మీ దగ్గరకు రావచ్చు. ఆ సంతకం చెల్లుతుందా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

గతంలో ఏం జరిగింది?

1999లోనూ, మళ్లీ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక విషయం బయటపడి కలకలం రేపింది. తెలంగాణ తండాల్లోని పేద తల్లిదండ్రులకు కొద్ది డబ్బు చూపి, వారి పసికందులను, ముఖ్యంగా ఆడశిశువులను, విదేశీ దత్తతల కోసం తీసుకుపోతున్నారు. చదువురాని తల్లులు కాగితాల మీద వేలిముద్రలు వేశారు. ఆ కాగితంలో ఏముందో వారికి తెలియదు. దాంతో 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పేదరికం, ఎక్కువమంది సంతానం, ఆడపిల్ల వద్దనుకోవడం అనే కారణాలతో బిడ్డను వదులుకునే పత్రాలు తీసుకోరాదని అందులో ఉంది. న్యాల్‌కల్, జహీరాబాద్ పల్లెల్లో, తండాల్లో ఉన్న మనం కూడా దీన్ని మరచిపోకూడదు.

ఇప్పుడు చట్టం ఏమంటుంది?

బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం నడుచుకోవాలి.

1. బిడ్డను జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకువెళ్లాలి. దళారీకి, నర్సుకు, పొరుగువారికి ఇవ్వకూడదు.
2. సమితి విచారణ చేసి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి చూస్తుంది. అప్పటికీ వారు ఒప్పుకోకపోతేనే అప్పగింత పత్రం రాయిస్తుంది.
3. వివాహితులైతే తల్లి, తండ్రి ఇద్దరూ సంతకం చేయాలి. పెళ్లికాని తల్లి అయితే ఆమె ఒక్కతే చేయవచ్చు. విషయం గోప్యంగా ఉంచుతారు.
4. ఆ తరువాత రెండు నెలల గడువు ఉంటుంది. ఈలోగా మనసు మారితే బిడ్డను వెనక్కు కోరవచ్చు. గడువు దాటాకే బిడ్డను దత్తతకు అర్హమైనదిగా ప్రకటిస్తారు.

బంధువులకు ఇవ్వాలనుకుంటే?

హిందువులకు 1956 నాటి దత్తత చట్టం ఉంది. దాని ప్రకారం బిడ్డను ఇచ్చే హక్కు తల్లిదండ్రులదే. ఒకరు ఇస్తే రెండవవారి సమ్మతి ఉండాలి. 2010 సవరణతో తల్లికి కూడా తండ్రితో సమాన హక్కు వచ్చింది. తల్లిదండ్రులు ఉండగా తాత, నానమ్మ, మేనమామ ఇచ్చిన దత్తత చెల్లదు. ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం నేరం. సక్రమంగా జరిగిన దత్తతను తరువాత రద్దు చేసుకోలేరు. కేంద్రం ప్రకటిస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. క్రైస్తవులు, ముస్లింలు సహా ఏ మతంవారైనా బాలల న్యాయ చట్టం ద్వారా బంధువుల బిడ్డను దత్తత తీసుకోవచ్చు. 2022 సెప్టెంబరు నుండి దీనికి కలెక్టరు ఉత్తర్వు ఇస్తున్నారు.

శిక్షలు

బిడ్డను అమ్మినా, కొన్నా 5 సంవత్సరాల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది చేస్తే 3 నుండి 7 సంవత్సరాల జైలు.

మీరు చేయవలసినది

పేదరికమే కారణమైతే తొందరపడకండి. అర్హులైన పిల్లలకు ప్రభుత్వ స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. వివరాలకు అంగన్‌వాడీ టీచరును, జిల్లా బాలల పరిరక్షణ అధికారిని అడగండి. ఏ వేళనైనా 1098కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

బాలింతకు నొప్పులు, నీరసం, భయం ఉన్నప్పుడు ఏ కాగితమూ ముందు పెట్టకండి. చదివి వినిపించని కాగితం మీద వేలిముద్ర వేయనివ్వకండి. ఆ తల్లి కోలుకొని, అంతా అర్థం చేసుకొని, తనంతట తాను చెప్పిన మాటే సమ్మతి.