అడుగులు లెక్కించు పట్టీ – పిల్లల ఆటపాటలు

ఎదుగుచున్న పిల్లలకు అన్నము, నిద్ర ఎంత అవసరమో ఆట కూడ అంత అవసరము. ఎముకలు గట్టిపడుటకును, గుండెయు ఊపిరితిత్తులును బలము పొందుటకును, పాఠముపై మనస్సు నిలుచుటకును శరీరము చక్కగా కదలవలెను. 5 మొదలు 17 సంవత్సరముల వయస్సు గల బాలబాలికలు సగటున దినమునకు కనీసము 60 నిమిషములు, ఒకింత ఆయాసము కలుగునట్లు శ్రమింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో నిర్దేశించినది. వారములో కనీసము మూడు దినములు పరుగు, గెంతులాట, ఎగబ్రాకుట వంటి గట్టి శ్రమ ఇందులో చేరియుండవలెను. ఇచట సగటు అను మాటను గమనింపవలెను. పరీక్షనాడు ఆట తగ్గినచో ఆదివారమునాడు ఆ లోటు తీర్చుకొనవచ్చును.

ఈ మాత్రపు కదలిక కూడ నేటి పిల్లలలో అధికసంఖ్యాకులకు లేదు. 146 దేశముల సమాచారమును కూర్చి 2016 నాటి స్థితిని లెక్కగట్టగా, 11 నుండి 17 ఏండ్ల పిల్లలలో నూటికి 81 మంది తగినంత శ్రమ చేయుట లేదని తేలినది. బాలురలో ఈ సంఖ్య 78, బాలికలలో 85. భారతదేశమున నూటికి సుమారు 74. ఇతర దేశముల కంటె మన స్థితి కొంత మెరుగని సంతోషించుటకు వీలు లేదు. నలుగురు పిల్లలలో ముగ్గురు చాలినంత ఆడుట లేదని దీని అర్థము.

ఈ లోటును పూడ్చు సాధనముగా మణికట్టునకు ధరించు ఒక పట్టీ ఇటీవల ప్రచారమునకు వచ్చినది. బజారులో దీనిని ఫిట్‌నెస్ బ్యాండు అని, గడియారము రూపమున నున్నచో స్మార్ట్ వాచీ అని వ్యవహరించుచున్నారు. వెయ్యి, రెండువేల రూపాయలకు కూడ దొరకుచున్నందున పుట్టినరోజు కానుకగా అనేకుల యిండ్లకు చేరుచున్నది. దీనిని చేతికి కట్టినంతనే పిల్లవాడు ఇల్లు విడిచి మైదానమునకు పరుగెత్తునని తల్లిదండ్రులు ఆశించుట సహజము. ఆ ఆశ ఎంతవరకు ఫలించునో తెలియుటకు ముందు, పట్టీ ఏమి చేయునో తెలిసికొనవలెను.

పట్టీ చూచునది చేతిని

పట్టీ లోపల గోరుకంటె చిన్నదగు ఒక సిలికాను పలుక కలదు. దానియందు అతి సూక్ష్మమైన బరువొకటి స్ప్రింగులవంటి తీగలపై నిలిచియుండును. చేయి కదలినపుడు ఆ బరువు ఇటునటు జరుగును. ఆ జరుగుటచే కలుగు విద్యుత్తు మార్పును యంత్రము సెకనుకు అనేక పర్యాయములు, మూడు దిక్కులలో కొలుచును. నడకకు ఒక లయ కలదు. ఆ లయ కనిపించినపుడెల్ల యంత్రము అడుగులు లెక్క వ్రాసికొనును. కొన్ని పట్టీలు చర్మముపై పచ్చని వెలుగును ప్రసరింపజేసి, తిరిగివచ్చు వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి నాడిని కూడ లెక్కించును. పట్టీ వదులుగా నున్నచో ఈ నాడి లెక్క తప్పును.

యంత్రము కాళ్లను చూడదు. సైకిలు త్రొక్కు బాలుని చేతులు హ్యాండిలుపై కదలక యుండును. బిందె చంకనెత్తుకొని నీరు తెచ్చు బాలిక చేయి బిందెను పట్టియుండును. వీరి శ్రమలో చాల భాగము లెక్కకు రాదు. కబడ్డీకి దిగునపుడు ఎదుటివాని చర్మము గీరుకొనకుండుటకై పట్టీని తీసివేయక తప్పదు. కావున ఆ సాయంకాలమంతయు యంత్రము దృష్టిలో విశ్రాంతియే. చక్రముల కుర్చీలో తిరుగు బిడ్డ విషయమున అడుగుల లెక్కకు అర్థమే లేదు. మరియొకవంక, కూర్చున్నచోటనే చేయి ఊపినను అడుగులు పెరుగును. ఈ కిటుకు కనిపెట్టుటకు పిల్లలకు ఒక పూట చాలును. ఖర్చయిన కేలరీలు ఇన్ని యని పట్టీ చూపు సంఖ్య అడుగుల సంఖ్య కంటెను ఉజ్జాయింపు. పిల్లల విషయమున ఆ భాగమును పూర్తిగా మూసివేయుట మేలు. ఎదుగు వయస్సులో తిన్న ప్రతి ముద్దను లెక్కతో సరిచూచుకొను అలవాటు, ముఖ్యముగా కౌమారములోని బాలికలకు, తిండి తగ్గించుకొను ప్రమాదమునకు దారితీయవచ్చును.

పదివేల అడుగులు

చాల పట్టీలు దినమునకు పదివేల అడుగులను లక్ష్యముగా నిర్ణయించి యుంచును. ఈ సంఖ్య పుట్టుక విచిత్రమైనది. 1964లో టోక్యో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగిన పిమ్మట జపానులో నడకపై ప్రజలకు మోజు హెచ్చినది. 1965లో అచటి యామసా అను గడియారముల సంస్థ నడుమునకు తగిలించుకొను అడుగుల లెక్కయంత్రమును అమ్మకమునకు తెచ్చి, దానికి ‘మాంపో-కేయ్’ అని పేరు పెట్టినది. ఆ పేరునకు పదివేల అడుగుల కొలమానమని అర్థము. వినసొంపుగా నున్న ఆ సంఖ్య పెద్దల కొరకు ఒక సరకు పేరుగా బయలుదేరి, తరువాత లోకమంతట ఆరోగ్యసూత్రముగా చెలామణి అయినది.

పిల్లల అడుగులు వేరు. పలు దేశముల పరిశోధనలను పరిశీలించి 2011లో నిపుణులు వేసిన అంచనా ప్రకారము, దినమునకు 60 నిమిషముల శ్రమ చేయు ప్రాథమిక పాఠశాల బాలురకు సుమారు 13,000 నుండి 15,000 అడుగులు, బాలికలకు 11,000 నుండి 12,000 అడుగులు పడును. కౌమార వయస్కులకు 10,000 నుండి 11,700. ఐనను దినమునకు నాలుగువేల అడుగులు వేయు బిడ్డకు మొదటినాడే పన్నెండువేలు చూపుట, ఒకటవ తరగతివానికి పెద్ద బాలశిక్ష అప్పగించుటవంటిది. ఇప్పుడున్న లెక్కకు వెయ్యి కలుపుట చాలును. అది నిలిచిన పిదప మరియొక వెయ్యి.

మొదటి నెల ఉత్సాహము

పట్టీ ధరించిన తొలిదినములలో పిల్లలు ఎక్కువగా తిరుగుట నిజమే. తరువాత ఏమగునో పరిశోధకులు పరిశీలించిరి. బ్రిటనులో 13, 14 ఏండ్ల విద్యార్థులు ఎనిమిది వారములపాటు ఇట్టి పట్టీలను ధరించిన ఒక అధ్యయనము 2017లో వెలువడినది. మొదట తోటివారితో పోటీ వలన కొంత హుషారు కలిగినది. రానురాను ఆ హుషారు తగ్గి, లక్ష్యము చేరలేకపోయితిమను అపరాధభావమును, ఎవరో తరుముచున్నారను ఒత్తిడియు మిగిలినవి. తమంతట తాము శ్రమింపవలెనను కోరిక మునుపటి కంటె సన్నగిల్లినది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఆదాయము తక్కువగా నున్న ప్రాంతముల పాఠశాలలలో అదే ఈడు పిల్లలకు 12 వారములు పట్టీలిచ్చి ప్రోత్సహించిన మరియొక ప్రయత్నములోను మొత్తముమీద చెప్పుకోదగిన తేడా కానరాలేదు.

ఇందుకు కారణమును మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏనాడో సూచించిరి. 1973లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము ప్రసిద్ధమైనది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశు పాఠశాలలో రంగుకలములతో బొమ్మలు వేయుట యందు సహజముగా ఆసక్తి గల పిల్లలను మూడు జట్లుగా విభజించిరి. బొమ్మ వేసినచో బంగారు నక్షత్రము గల యోగ్యతాపత్రము లభించునని ఒక జట్టునకు ముందుగా చెప్పిరి. రెండవ జట్టునకు చెప్పకయే చివర ఇచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు ఇయ్యలేదు. కొన్ని దినముల తరువాత కలములను మరల వారి నడుమ ఉంచి గమనింపగా, బహుమతికై వేసిన పిల్లలు తక్కిన రెండు జట్లవారితో పోల్చినచో సుమారు సగము సేపు మాత్రమే బొమ్మలు వేసిరి. ఇష్టముగా చేయు పని కూలిపనిగా మారిపోయినది.

ఆట పిల్లల సహజగుణము. తొక్కుడుబిళ్ళకు గాని, ఏడుపెంకులాటకు గాని ఎవరును పతకములు ఇయ్యలేదు. పదివేలు దాటిన నాడు డబ్బు, దాటని నాడు మందలింపు అను పద్ధతిని పట్టీకి జోడించిన తండ్రి, తెలియకయే పై ప్రయోగమును తన యింట జరుపుచున్నాడు.

పట్టీతో మేలు జరుగు మార్గములును కలవు. లక్ష్యము పిల్లలు తాము ఎంచుకొన్నదై, నలుగురు కలసి సాధించునదైనచో ఉత్సాహమునకు అర్థము ఏర్పడును. యునిసెఫ్ సంస్థ 2014, 2015 సంవత్సరములలో అమెరికాలోని కొన్ని నగరముల పాఠశాలలలో ఇట్టి కార్యక్రమమును నడపినది. పిల్లలు తిరిగినకొలది వారి పట్టీలలో గుణములు చేరును; ఆ గుణములకు బదులుగా తీవ్రమైన పోషణలోపముతో బాధపడు ఇతర దేశముల శిశువులకు చికిత్సాహారపు పొట్లములు పంపబడును. పరుగెత్తిన పిల్లవానికి చేతికి ఏమియు రాదు, ఎచటనో ఒక శిశువునకు ఆహారము ముట్టును.

ఒక వారపు పరిశీలన

సామాన్య కుటుంబమునకు పట్టీ వలన కలుగు ముఖ్యప్రయోజనము, బిడ్డ దినచర్య కంటికి కనిపించుట. దీనికి ఏడు దినములు చాలును. తొమ్మిదవ తరగతి చదువు ఒక బాలిక వారము దినములు పట్టీ ధరించి, ప్రతి రాత్రియు అడుగుల సంఖ్యను నోటుపుస్తకములో వ్రాసినదనుకొందము. పాఠశాల ఉన్న ఐదు దినములలో సంఖ్య మూడు, నాలుగు వేలు దాటలేదు. ఆదివారమునాడు అమ్మమ్మగారి యింట చెల్లెండ్రతో ఆడినపుడు తొమ్మిది వేలకు చేరినది. ఈ బాలికను సోమరి యనుటకు ఆస్కారము లేదు. ఉదయము ఆటోలో బడికి, బడినుండి నేరుగా ట్యూషనుకు, చీకటి పడిన పిదప ఇంటికి వచ్చుచున్నది. ఆటల పీరియడును లెక్కల మాష్టరుగారు తీసికొనుచున్నారు. రజస్వల అయినది మొదలు వీధిలో ఆడవలదని ఇంటివారు కట్టడి చేసియుందురు. పట్టీ చూపిన లోటు బిడ్డది కాదు, ఆమెకు పెద్దలు ఏర్పరచిన కాలపట్టికది. దానిని దిద్దవలసినవారును పెద్దలే.

దిద్దుటకు మార్గములు ఆ యింటివారికే బాగుగా తెలియును. ట్యూషను అరగంట ఆలస్యముగా మొదలగునట్లు అడుగవచ్చును. బడి సమీపముననే ఉన్నచో నలుగురు బాలికలు కలసి నడచి వెళ్లవచ్చును. తల్లియు కూతురును సాయంకాలము డాబాపై తాడాట ఆడవచ్చును. తండ్రి ఫోను చూచుచు కూర్చుండి, బిడ్డను మాత్రము నడువుమనుట వలన ఫలము లేదు. తిరిగి నెల దినములకు మరియొక వారము పట్టీ ధరించి పాత నోటుపుస్తకముతో సరిచూడవలెను. నడుమ దినములలో పట్టీ బీరువాలో నున్నను నష్టము లేదు.

పాఠశాలలో ప్రతి బిడ్డకు పట్టీ కొనిపించుట అనవసరము, పేదవారికి భారము. తరగతికి నాలుగైదు ఉన్నచో వంతులవారీగా ధరింపవచ్చును. ఆ సంఖ్యలతోనే ఉపాధ్యాయుడు సగటును, రేఖాపటమును బోధింపవచ్చును. తమ అడుగులతో నేర్చిన సగటును పిల్లలు మరువరు. పేరు పేరున సంఖ్యలను గోడకు అంటించుట మాత్రము తగదు. చివరనున్న బిడ్డ మరునాడు పట్టీని మరచి వచ్చును. తరగతి అంతయు కలసి వేసిన అడుగులను కూడి, విజయవాడనుండి హైదరాబాదునకు ఎంత దూరము నడచితిమని పటముపై గుర్తించుట మంచి పద్ధతి.

సంఖ్య తక్కువైనచో

ఎంత ప్రోత్సహించినను సంఖ్య పెరుగక, నాలుగు మెట్లు ఎక్కినంతనే బిడ్డ అలసి కూర్చుండుచున్నచో మందలింపక, వైద్యునికి చూపవలెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. రక్తములో హిమోగ్లోబిను చాలని బిడ్డకు పరుగు మాట అటుండగా నడకయే బరువు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఈ పరీక్ష చేయుదురు. ప్రభుత్వ పాఠశాలలలో వారమునకొకసారి ఇచ్చు ఐరన్, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు (5 నుండి 9 ఏండ్లవారికి గులాబిరంగువి, 10 నుండి 19 ఏండ్లవారికి నీలిరంగువి) భోజనానంతరము తప్పక వేసికొనవలెను. గుండెజబ్బు, ఉబ్బసము, సికిల్‌సెల్ వ్యాధి గల పిల్లలు ఎంత శ్రమింపవచ్చునో నిర్ణయించువాడు వైద్యుడు. పట్టీలోని లక్ష్యము వారికి వర్తింపదు. ఐదేండ్ల లోపు శిశువులకు పట్టీతో పనియే లేదు.

ధరించువారికి, కొనువారికి

పట్టీ క్రింద చెమటయు సబ్బునీరును నిలిచినచో చర్మము ఎఱ్ఱబడి దురద పుట్టును. స్నానమునకు ముందు తీసి, చేతిని ఆరబెట్టుకొని ధరింపవలెను. రాత్రివేళ తీసివేయుట మంచిది. దద్దురు కనిపించినచో అది మానువరకు పట్టీని మానవలెను.

పట్టీ సేకరించు సంఖ్యలు ఫోనుద్వారా దానిని తయారుచేసిన సంస్థకు చేరును. కొన్నిటియందు బిడ్డ తిరుగు చోటు కూడ నమోదగును. మరికొన్ని పిల్లల గడియారములలో దూరమునుండి ఇతరులు మాటలు వినుటకు వీలగు ఏర్పాటు ఉండగా, జర్మనీ ప్రభుత్వ సంస్థ 2017 నవంబరులో అట్టివాని అమ్మకమును నిషేధించినది. మన పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి సమాచారమును సేకరించుటకు తల్లిదండ్రుల లేక సంరక్షకుల ధ్రువీకృతమైన సమ్మతి ఉండవలెనని విధించినది. సమ్మతి తెలుపు మీటను చదువకయే నొక్కుట పలువురి అలవాటు. కొనునపుడు మైకు, స్థలసూచిక లేని సాదా పట్టీని ఎంచుకొనుట క్షేమము, చౌక కూడ. ఖాతా తెరచునపుడు బిడ్డ పూర్తిపేరు, పాఠశాల పేరు, ఫోటో ఇయ్యనక్కరలేదు. పట్టీని చెల్లెలికో, పొరుగువారి బిడ్డకో ఇచ్చునపుడు ముందున్న సంఖ్యలన్నిటిని తుడిచివేసి, ఖాతాను మూసి ఇయ్యవలెను.