మందు కొలతకు ఇంటి సాధనములు

మన నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు సేద్యము చేయు రైతు కొలతలు ఎఱుగనివాడు కాడు. భూమిని సెంట్లతో కొలచును. కాయలను క్వింటాళ్లతో తూచును. గుంటూరు మిర్చి యార్డులో కాటా వద్ద అరకిలో తేడా వచ్చినను ఊరకుండడు. అట్టివాడు అధికమైన వెల పెట్టి కొనిన పురుగుమందును మాత్రము సీసామూతతో పోయును. పొడిమందును గుప్పెటతోనో అగ్గిపెట్టెతోనో వేయును. ఇందులకు కారణము అశ్రద్ధ కాదు. చేతికందునంతలో తగిన కొలపాత్ర లేకపోవుటయే. ఆ సాధనములను స్వల్పవ్యయముతో ఇంటనే చేసికొను విధమును ఈ పాఠమున వివరించుచున్నాము.

మూత యేల కొలత కాదు?

మేము గ్రామములకు పోయినపుడు రైతులచే వారి వారి మూతలను తెప్పించి నీటితో కొలిపించుచుందుము. రెండు కంపెనీల మూతలు సమానముగా పట్టుట అరుదు. లీటరు నీటికి 2 మి.లీ. మందు అని చీటీపై నున్నదనుకొందము. 16 లీటర్ల ట్యాంకునకు 32 మి.లీ. కావలెను. మూతకు 10 మి.లీ. పట్టునని తలచి రైతు మూడు మూతలు పోయును. ఆ మూత నిజముగా 15 మి.లీ. పట్టునదైనచో ట్యాంకులో 45 మి.లీ. పడును. ఎకరమునకు 200 లీటర్లు, అనగా పండ్రెండున్నర ట్యాంకులు పట్టునెడల, 160 మి.లీ.కు పైగా మందు వృథా యగును. మూత 7 మి.లీ.ల దైనచో 21 మి.లీ. మాత్రమే పడును, అనగా మూడింట రెండుపాళ్లు.

మోతాదు మించినచో ఆకు మాడును. పైరునకు మేలుచేయు అక్షింతల పురుగులు, సాలీళ్లు చచ్చును. కాయలో మందు అవశేషము మిగిలి, పరదేశపు కొనుగోలుదారు సరకును త్రోసివేయును. మోతాదు తగ్గినచో తట్టుకొనగల పురుగులు బ్రదికి, వాని సంతతియే పెరుగును. ఈ రెండును మన ప్రాంతము అనుభవించినవే. 1980 దశకమున సింథటిక్ పైరిథ్రాయిడు మందులు ప్రత్తిపై మితిమీరి వాడబడెను. 1987–88 పైరున గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమయు శనగపచ్చ పురుగును విజృంభించెను. పైరు పోయి, అప్పు మిగిలి, పెక్కుమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ విపత్తునకు వడ్డీలు, ధరలు మొదలైన కారణములు అనేకములు కలవు. వానిలో రైతు తన చేతులతో సరిదిద్దుకొనగలది మందు మితము. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతలను ముంచివేసినపుడును భయము చేత మందుపై మందు కొట్టినవారు కలరు.

1. ద్రవముల కొలసీసా

మందుల షాపులో 10 మి.లీ. సిరంజి యొకటి కొని, సూది తీసివేయవలెను. సన్నగా, నిటారుగా, తెల్లగా నున్న గాజుసీసాను సంపాదింపవలెను. వెడల్పు పాత్ర పనికిరాదు. అందు 10 మి.లీ. నీరు అడుగున పలుచని పొరవలె నుండును గాన, రవంత తప్పు చూచినను కొలత చాల మాఱును. సన్నని సీసాలో అదే నీరు ఎత్తుగా నిలుచును.

సీసాను సమతలమైన బల్లపై నుంచి, సిరంజితో 10 మి.లీ. నీరు పోసి, కన్ను నీటిమట్టమునకు సరిగా నుంచి చూడవలెను. నీరు అంచులయందు కొంచెము పైకి ప్రాకును. నడిమి పల్లమునే లెక్కింపవలెను. అచ్చట ఆకురాయితో గీత గీయవలెను. ఇట్లు పదేసి మి.లీ.లు పోయుచు గీతలు గీయవలెను. రంగుతో గీచినచో మందులోని ద్రావకమునకు చెఱిగిపోవును. సిరంజితోనే మందు తీయరాదు. ఆ ద్రావకములు దాని రబ్బరును ఉబ్బించును. సిరంజి నీటికి, సీసా మందునకు.

2. ఇంటి త్రాసు

రెండడుగుల నిటారైన వెదురుబద్ద తీసికొని, సరిగా నడుమ, బద్ద మందమునకు కొంచెము పైభాగమున, రంధ్రము చేసి దబ్బనము దూర్పవలెను. రంధ్రము పైన నున్నప్పుడే బద్ద ఊగి మరల సమముగా నిలుచును. రెండు కొనలయందు సమాన దూరమున గాట్లు పెట్టి, తేలికయైన గిన్నెలను దారముతో వ్రేలాడదీయవలెను.

తూనికరాళ్లు కొననక్కఱలేదు. ఒక మి.లీ. నీరు ఒక గ్రాము తూగును; కనుక సిరంజిలోని నీరే మనకు తూనికరాయి. తూచు పద్ధతి యిది. ఒకే తీరు పలుచని సంచులు రెండు తీసికొనుడు. ఒకదానిలో పొడిమందు పోసి ఎడమ గిన్నెలో నుంచుడు. బద్ద సమమగువఱకు కుడి గిన్నెలో ఇసుక పోయుడు. పిమ్మట ఇసుకను కదలింపక, మందుసంచిని తీసి, ఆ స్థానముననే రెండవ సంచిని ఉంచి, బద్ద మరల సమమగువఱకు సిరంజితో నీరు పోయుడు. ఎన్ని మి.లీ.లు పట్టెనో అన్ని గ్రాముల మందు. నీరును మందును ఒకే గిన్నెలో తూగినవి గనుక బద్ద చేతులు కొంచెము హెచ్చుతగ్గుగా నున్నను తూకము తప్పదు. ఒక్క మి.లీ. నీరు చేర్చినంతనే బద్ద వంగవలెను. వంగనిచో దబ్బనము వద్ద ఒరపిడి యున్నదని తెలిసికొని సరిచేయవలెను.

3. పొడుల కొలగిన్నె

కుంచెడు కందులును కుంచెడు మిరపగింజలును తూకమున సమానము కావని మనకు తెలియును. పొడిమందులును అట్టివే. ఒక మందునకు చేసిన గిన్నె మఱియొక మందునకు చెల్లదు.

50 మి.లీ. సిరంజి ముందుకొనను సన్నని ఱంపముతో కోసివేసినచో, వెనుకకు లాగినకొలది లోతు పెరుగు గిన్నె యగును. లీటరునకు 3 గ్రాముల పొడి కావలసినచో 16 లీటర్లకు 48 గ్రాములు. గిన్నెను 8 గ్రాములకు సరిచేసినచో ఆఱు గిన్నెలు. పొట్లమును మెల్లగా కుదిపి, పొడిని గుల్లగా చేసి, గిన్నెను ముంచి, పుల్లతో అంచునకు సమముగా త్రోసివేయవలెను. తట్టరాదు, అదుమరాదు, తట్టినచో అదే గిన్నెలో ఎక్కువ పొడి పట్టును. ఒక గిన్నెను తూచి నమ్మరాదు. పది గిన్నెలు కలిపి తూచి పదిచే భాగింపవలెను. పదింటికి 90 గ్రాములు వచ్చినచో గిన్నెకు 9. కాడను కొంచెము లోనికి నెట్టి మరల తూచవలెను. 80 గ్రాములు వచ్చినపుడు కాడను అచ్చట బిగియగట్టి, మందు పేరు వ్రాసి యుంచవలెను. కంపెనీ మాఱినను, పొడి చెమ్మగిలినను మరల తూచవలెను.

4. ట్యాంకు గుర్తులు, సెంటు పరీక్ష

ట్యాంకులో లీటరు చొప్పున నీరు పోయుచు, ప్రతి మట్టమునను వెలుపల గుర్తు పెట్టవలెను. పిమ్మట పైరులో 22 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల స్థలమును త్రాటితో గుర్తింపవలెను. అది ఇంచుమించు ఒక సెంటు. దానిపై వట్టి నీటిని ఎప్పటి నడకతో కొట్టి, ఎన్ని లీటర్లు పట్టెనో చూడవలెను. రెండు లీటర్లు పట్టినచో ఎకరమునకు 200 లీటర్లు. ఎకరమునకు 200 మి.లీ. మందు అని చీటీపై నున్నచో 16 లీటర్ల ట్యాంకునకు 16 మి.లీ. పైరు పెరిగినకొలది నీరు హెచ్చును. కాబట్టి పూతకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ఈ పరీక్ష చేయవలెను.

5. జాగ్రత్తలు

ఈ సాధనములు విషపాత్రలు. వానికి ఎఱ్ఱరంగు పూసి "విషము" అని వ్రాయించి, తాళమువేసిన పెట్టెలో నుంచవలెను. వంటింటి గరిటెను, గిన్నెను మందునకు వాడరాదు. మందు కొలచినదానిని మరల వంటింటికి చేర్చరాదు. మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి యుంచుట ఎన్నటికిని కూడదు. పిల్లలు దానిని పానీయమని భ్రమింతురు. త్రాసును ఇంటి వెలుపల, గాలి లేనిచోట వాడవలెను. చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ కట్టి, మందు కొలచి, కొలసీసాను మూడుసార్లు నీటితో కడిగి, ఆ కడుగునీటిని ట్యాంకులోనే పోయవలెను. కాలువలో కడుగరాదు.

మోతాదు విషయమున సందేహము కలిగినచో చీటీపై నున్నదే ప్రమాణము. అది చదువరానివారు చదివించుకొనవలెను. లాం పరిశోధన స్థానము వారి సిఫారసులును రైతులకు ఆధారములే. పొరుగువాని మాటపై ఒక మూత హెచ్చింపవలదు.

ఇవి యన్నియు ఒక పూటలో చేసికొనదగిన పనులు. తొలకరికి ముందే సభ్యులు తమ కొలసీసాలను, గిన్నెలను సంఘ కార్యాలయమునకు తెచ్చినచో, ఎఱువుల తూకమునకు ఉంచిన కాటాపై కాక, చిన్న త్రాసుపై సరిచూచుకొనవచ్చును. అట్టి త్రాసు లేని సంఘములు ఒకదానిని కొని యుంచుట మంచిది. దాని వెల ఒక రైతు ఒక పంటలో వృథాచేయు మందు వెలకు మించదు.