కుక్క ఏ కాలు కుంటుతోంది?

పొదిలి బస్టాండు దగ్గరగాని, మీ వీధిలోగాని ఒక కుక్క తీరిగ్గా నడిచిపోతుంటే దాని కాళ్ళను గమనించండి. ఏ కాలు తరువాత ఏ కాలు నేలను తాకుతోంది? నాలుగింటినీ ఒకేసారి చూడబోతే తికమక పడతారు. ముందు ఒక వెనుక కాలినే కనిపెట్టి ఉండండి. ఎడమ వెనుక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనుక కాలు, కుడి ముందు కాలు - ఇదీ వరుస. ఆవుకూ, పిల్లికీ ఇంతే. మైబ్రిడ్జ్ అనే ఆయన అమెరికాలో వరుస ఛాయాచిత్రాలు తీసి జంతువుల నడకలను 1887లోనే అచ్చు వేయించాడు. అయినా ప్రదర్శనశాలల్లో నడుస్తున్నట్లు నిలబెట్టిన జంతువులలో నూటికి నలభైకి పైగా తప్పు వరుసలోనే ఉన్నాయని హంగేరీ శాస్త్రజ్ఞులు 2009లో తేల్చారు!

ఇక బరువు సంగతి. తల, మెడ, ఛాతీ ముందువైపే ఉండటంవల్ల కుక్క గురుత్వకేంద్రం ముందుకాళ్ళకు దగ్గరగా ఉంటుంది. 20 కిలోల కుక్క నిలబడితే సుమారు 12 కిలోలు ముందుకాళ్ళమీద, 8 కిలోలు వెనుకకాళ్ళమీద పడతాయి. చిన్నపరుగు పెట్టినప్పుడు ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా ఆనుతాయి. అప్పుడు ఒక్కొక్క ముందుకాలు మొత్తం శరీరపు బరువుకన్న కొంచెం ఎక్కువ బలాన్నే భరించవలసి వస్తుంది.

గొర్రెల మంద వెంట తిరిగే కుక్కకు ముందుపాదంలో తుమ్మముల్లు దిగిందనుకోండి. ఆ కాలు నేలకు ఆనేటప్పుడు అది తల పైకెత్తుతుంది. దానితో బరువు కొంత వెనక్కు మళ్ళి నొప్పి కాలికి భారం తగ్గుతుంది. మంచి కాలు ఆనగానే తల కిందికి దించుతుంది. చూచేవారికి తల వంగినవైపే నొప్పి అని తోస్తుంది. కాపరి మంచి పాదాన్ని తడిమి చూచి, ఏమీ లేదని వదిలేస్తాడు. ముల్లు రెండో పాదంలో చీము పట్టిస్తూ ఉంటుంది! వెనుకకాలి నొప్పికి తలకన్న తుంటి మంచి గుర్తు. నొప్పి ఉన్నవైపు తుంటి ఎక్కువగా లేచి పడుతుంది.

అందుకే పశువైద్యుడు కుక్కను బల్లమీద పరీక్షించే ముందు నడిపించి, చిన్నపరుగు పెట్టించి చూస్తాడు. కంటికి అందని తేడాలకు పెద్ద ఆసుపత్రులలో బలాన్ని కొలిచే పలకను వాడతారు. ఇది మార్కాపురం రాతిపలక వంటిది కాదులెండి. కాలు నేలను ఎంత బలంతో నొక్కితే నేల అంతే బలంతో ఎదురు నెడుతుందని న్యూటన్ మూడవ నియమం. ఆ బలాన్ని పలక విద్యుత్ సంకేతంగా మార్చి గీతగా చూపుతుంది. ఎముకకు శస్త్రచికిత్స అయిన కుక్క ఆ కాలిమీద నిజంగా బరువు మోపుతోందో, మోపుతున్నట్లు కనిపిస్తోందో ఆ గీత చెబుతుంది.

మీకు పలక అక్కరలేదు. కుంటే కుక్కను ముట్టుకోకండి. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. ఎడంగా నిలబడి ఎదురుగా వచ్చేటప్పుడు తలను, వెళ్ళేటప్పుడు తుంటిని చూడండి. ఏ కాలు, ఎన్నాళ్ళనుంచి అన్నవి పశువుల ఆసుపత్రిలో చెప్పండి. లేవగానే కుంటి, నాలుగడుగులు వేసేసరికి సర్దుకొంటోందా? అదికూడా తప్పక చెప్పండి. అలా ఉంటే వైద్యుడు ముందు కీళ్ళను అనుమానిస్తాడు.